నాలుకలు తీసి పెట్టే బడి

నా జన్మలో నేను ఒకే ఒక్క నవల చెప్పాను. రాయలేదు, నోటితో చెప్పాను. అదీ ఇంగ్లీషులో. అప్పటికి నాకు ఇంగ్లీషు రాదు. వినేవాళ్లకూ రాదు కాబట్టి పెద్ద ఇబ్బందేమీ కాలేదు.

తొంభైల మొదట్లో, ఆర్మూర్‌లో నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పటి ముచ్చట ఇది. ఆ నవలలో ఒక బడి ఉంటుంది. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి లోకమంతా పాడైపోయి, పిల్లల నాలుకలు గేటు దగ్గరే తీసి పెట్టుకునే బడి. ఈ కాలం పిల్లలు ఇలాంటివే లావుపాటి పుస్తకాలు చదివి, "అబ్బ, ఎంత భయంకరమైన ఊహో" అని కళ్లు పెద్దవి చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఊహట, ఊహ! నేనేమీ ఊహించలేదు తల్లీ. మా బడిలో రోజూ జరిగేదాన్ని కాస్త సాగదీశాను, అంతే.

మా బడి అసలు బడి కాదు, పసుపు గోదాం. మార్కెట్ వెనకాల ఒక షావుకారు కట్టుకున్నదాన్ని అద్దెకు తీసుకుని, మధ్యలో తడకలు నిలబెట్టి తరగతులు చేశారు. కిటికీలు పైకప్పు దగ్గరెక్కడో ఉండేవి. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో చప్పుడును బట్టి తెలుసుకోవాలి. పసుపు పంట మార్కెట్‌కు రావడం మొదలైతే షావుకారు సగం గదులు వెనక్కు తీసుకుని సంచులు వేయించేవాడు. అప్పుడు రెండేసి తరగతులు ఒక్క గదిలో సర్దుకునేవాళ్లం. ఇక గోడకు వీపు ఆనిస్తే చాలు, తెల్ల చొక్కా పచ్చగా అయ్యేది. మా అమ్మ రోజూ సాయంత్రం ఆ చొక్కాను రెండు వేళ్లతో ఎత్తి చూసి, "నిన్ను బడికి తోలుతున్ననా, పెండ్లిపిల్లకు నలుగు వెట్టిస్తున్ననా?" అని తిట్టేది.

బయట బోర్డు మీద బడి పేరు చిన్నగా, 'ఇంగ్లీష్ మీడియం' అన్న మాట దానికి మూడింతలు పెద్దగా ఉండేది. ఆ పెద్ద అక్షరాలకు న్యాయం చేయాలని పట్టుబట్టిన మనిషి మా హెడ్ సార్. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చారు. చెడ్డవారు కారు. పిల్లల మీద చెయ్యి కూడా ఎత్తేవారు కారు. కొట్టడం కన్నా పెద్ద ఉపాయం ఆయన దగ్గర ఉండేది, దాని పేరు బిళ్ల.

నూనె డబ్బా మూతకు రంధ్రం పొడిచి, గోనె సంచులు కుట్టే సుతిలి తాడు కట్టి, మీద 'తెలుగు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించారు. బడిలో ఎవరి నోట తెలుగు మాట వస్తే వాళ్ల మెడలో బిళ్ల పడుతుంది. అది వదిలించుకోవాలంటే ఇంకొకరు తెలుగు మాట్లాడుతుండగా పట్టుకుని, క్లాస్ లీడర్‌కు చెప్పి, వాళ్ల మెడలో వేయాలి. ఆఖరి గంట కొట్టేటప్పుడు ఎవరి మెడలో ఉంటే వాళ్లు గోదాం ఊడవాలి. చూశారా మహిమ! కాపలాకు ఒక్క మనిషి కూడా అక్కర్లేదు. మాకు మేమే పోలీసులం, మాకు మేమే దొంగలం. బిళ్ల వేసుకున్నవాడు సాయంత్రం దాకా పిల్లిలా తిరుగుతూ, నీ కాలు తొక్కి నువ్వు "అమ్మా" అనగానే పట్టుకునేవాడు. 'అమ్మా' తెలుగా కాదా అని ఒకసారి పెద్ద పంచాయితీ అయింది. నొప్పికి భాష లేదని హెడ్ సార్ కొట్టేశారు.

రెండో పంచాయితీ మమ్మల్ని బతికించింది. ఒకడు కడుపు పట్టుకుని, "నాకు మస్తు పరేషానైతుంది, దవాఖానకు పోత" అన్నాడు. లీడర్ వాణ్ణి చొక్కా పట్టుకుని ఆఫీసు గదికి లాక్కుపోయాడు. వాడు ఏడుస్తూ, "తెలుగు గాదు సార్, ఉర్దూ! తల్లితోడు ఉర్దూ!" అని ఒట్టేశాడు. హెడ్ సార్‌కు ఉర్దూ తెలియదు. ఆ మాటకొస్తే మా తెలుగూ ఆయనకు సగమే తెలుసు. అందుకే బట్టల దుకాణం వాళ్లమ్మాయిని పిలిపించారు. వాళ్లింట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఆమె వాడి మొహం చూసింది, లీడర్ మొహం చూసింది, తలూపి, "హౌ సార్, ఉర్దూచ్ హై" అంది. హెడ్ సార్ కాసేపు ఆలోచించి, "హిందీకి దగ్గరేగా, పర్లేదు. వెళ్లండి" అన్నారు.

అంతే, దేవుడు తలుపు తీశాడు. తెలుగు వాక్యంలో రెండు ఉర్దూ ముక్కలు పడేస్తే బిళ్ల తగలదని బడి మొత్తానికీ ఒక్క పూటలో తెలిసిపోయింది. ఆర్మూర్ పిల్లలకు అది కొత్తగా నేర్చుకునే విద్యా? మేం ఇంట్లో మాట్లాడేదే అది. పరేషాన్, షురూ, ఖరాబ్, బేకార్, మస్తు. ఇవి లేకుండా మాట్లాడమంటేనే మాకు కష్టం. వరండాలో మేం హాయిగా మా తెలుగు మేం మాట్లాడుకుంటుంటే హెడ్ సార్ చేతులు వెనక్కి కట్టుకుని, ఉర్దూ వింటున్నాననుకుంటూ నడిచిపోయేవారు. అనుమానం వచ్చినప్పుడల్లా బట్టల దుకాణం వాళ్లమ్మాయే జడ్జి. జామకాయో, నిమ్మతొనలో పెట్టనిదే తీర్పు ఇచ్చేది కాదు. మాతో మాత్రం, "గిది ఉర్దూ అని చెప్పిన అని మా అమ్మీకి తెలిస్తె చెప్పు తీస్తది" అనేది.

అలాంటి బడికి ఆలూర్ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఊళ్లో సర్కారు బడిలో ఏడు దాకా చదివింది. మా నాన్న గోనె సంచుల దుకాణానికి వాళ్ల నాన్న ఏటా వచ్చేవాడు, అలా వాళ్ల సంగతులు మాకు తెలుసు. పసుపు, మక్కలు పండించే కుటుంబం. పిల్లను ఇంగ్లీషు చదివించాలని వాళ్ల నాన్నకు పట్టుదల. వాళ్ల నాయనమ్మకు అంతకు రెట్టింపు పట్టుదల, వద్దని.

మొదటి రోజే ఆ పిల్ల, మా క్లాసులోకి వచ్చిన హెడ్ సార్ దగ్గరికే నేరుగా పోయి, "సారూ, నీళ్లు ఏడుంటయి?" అని అడిగింది. అందులో ఒక్క ఉర్దూ ముక్క లేదు, పాపం. క్లాసంతా గొల్లున నవ్వింది. బిళ్ల పడింది.

తర్వాత జరిగింది మా బడిలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. ఆ పిల్ల బిళ్లను ఎవరికీ దాటించలేదు. వారం గడిచింది, రోజూ పొద్దున అదే మెడకు బిళ్ల, రోజూ సాయంత్రం అవే చేతులకు చీపురు. పక్కన కూర్చుని మేం గంటలకొద్దీ వాగుతున్నా ఎవరి పేరూ చెప్పదు. తను మాత్రం నోరు తెరవదు. నాకు జాలి కన్నా చిరాకెక్కువ వేసింది. ఆమె ముందు నిలబడి, "చింతకాయ, మామిడికాయ, బీరకాయ" అని గట్టిగా అరిచాను. "పట్టుకో, నన్ను పట్టుకో" అని సైగ చేశాను. అడ్డంగా తలూపింది. ఇక లాభం లేదని నేనే ఆ తాడు లాక్కుని నా మెడలో వేసుకున్నాను. ఆ సాయంత్రం ఊడుస్తుంటే చెప్పకుండానే ఇంకో చీపురు పట్టుకుని వచ్చింది.

గేటు దాటాక తెలిసింది అసలు సంగతి. ఆ పిల్ల మూగది కాదు, మాటల పుట్ట. బస్టాండు దాకా నడిచే దారిలో పొద్దుటి నుంచి దాచుకున్నదంతా పోసేది. "గా లెక్కల సారు బోర్డు మీద రాసుకుంట రాసుకుంట బోర్డు ఒడిసినంక గోడ మీద రాసిండు, సూశినవా?" అని మొదలుపెడితే బస్సు కదిలినా కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పేది. మర్నాడు గేటులో కాలు పెట్టగానే నోటికి తాళం.

"లోపట ఎందుకు మాట్లాడవే? ఉర్దూ మాటలు రెండు కలుపు, ఎవ్వరేమనరు" అన్నాను ఒకసారి.

"ఉర్దూ గానిది ఉర్దూ అని ఎట్ల చెప్తనే?" అంది. అలాంటి మనిషి.

దసరా సెలవుల తర్వాత వాళ్ల నాన్న సంచుల కోసం మా దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని మా నాన్నతో చెప్పుకున్నాడు.

"హెడ్ సారు పిలిపిచ్చిండు పటేలా. పిల్ల ఒక్క ముక్క మాట్లాడ్తలేదట. ఏడాది ఆఖర్ల నోటి పరీక్ష ఉంటదట, గండ్ల గూడ గిట్లనే ఉంటె టీసీ ఇస్తనన్నడు. ఇంట్ల మా అవ్వ ఒక్కటే లొల్లి. ఆడివిల్లకు ఇంగ్లీషెందుకురా, పసుపు కొమ్ములతోని ఇంగ్లీషు మాట్లాడ్తదా అని. టీసీ చేతికొచ్చిందంటె ఇగ మా అవ్వ మాటే గెలుస్తది. పిల్ల ఇంట్లనే, పసుపు ఉడకవెట్టే కాడ్నే. మల్ల బడి మొకం సూసుడు లేదు."

మా నాన్న ఏదో ధైర్యం చెప్పాడు. నేను మాత్రం లెక్కపెడుతున్న సంచులు మధ్యలోనే వదిలేశాను. ఆ పిల్ల నోరు తెరవకపోతే బస్టాండు దారిలో నేనెవరితో నడవాలి?

నవల పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. మా అమ్మ బస్టాండు ఎదుట అద్దె పుస్తకాల షాపు నుంచి వారపత్రికలు తెచ్చుకుని సీరియళ్లు చదివేది. ప్రతివారం కత్తి గొంతు మీదకొచ్చే చోట 'సశేషం' అని ఉండేది. అమ్మ పుస్తకం నేలకేసి కొట్టి, "వీని చేతులిరగ, సరిగ్గ గీడనే ఆపిండు" అనేది. ఇంతమందితో ఇలా తిట్లు తినే ఉద్యోగం నాకెంతో నచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, నీళ్ల ట్యాంకు నీడలో, నేనూ ఒక సీరియల్ షురూ చేశాను. హెడ్ సార్ కిటికీ అక్కడికి దగ్గర. ఉర్దూ కిటుకుతో అంత పెద్ద కథ నడపలేం. కాబట్టి ఇంగ్లీషే.

"వన్ స్కూల్ ఈజ్ దేర్ యా. ఇయర్ టూ థౌజండ్. ఆల్ పీపుల్ ఫినిష్. ఓన్లీ స్కూల్ ఈజ్ దేర్."

అందరూ దగ్గరకు జరిగారు.

"గేట్ ఇన్ వన్ మిషన్ ఈజ్ దేర్. యూ ఓపెన్ మౌత్, మిషన్ ఈజ్ కటక్! టంగ్ గాన్. టోకెన్ గివింగ్. ఈవినింగ్ టోకెన్ షోయింగ్, టంగ్ టేకింగ్."

"పెయిన్?" అని ఎవరో అడిగారు.

"నో పెయిన్ యా. టాకీస్ సైకిల్ స్టాండ్ లైక్."

మిగతాది మామూలు తెలుగులో చెప్తాను, మీ ఓపికను నేను పరీక్షించను. ఆ బడిని ఏలేవాడు బిగ్ సార్. కాలర్‌లో చేతిరుమాలు, నడుముకు తాళాల గుత్తి, టీ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగుతాడు. ఎవరిని చూసి చెప్పానో మీకు వేరే చెప్పక్కర్లేదు. బడిలో మాటలు రేషన్ మీద ఇస్తారు. తెల్ల కార్డుకు రోజుకు పది మాటలు. 'ఎందుకు' అనే మాట మాత్రం ఎప్పుడు పోయినా నో స్టాక్, వచ్చే నెల రా అంటారు. ఒకరోజు టోకెన్లు తారుమారై, పక్కనున్న పెర్కిట్ ఊరి పిల్లవాడికి బిగ్ సార్ నాలుక వచ్చింది. వాడు ఇంటికి పోయి నోరు తెరవగానే, "స్టాండ్ ఆన్ ద బెంచ్!" అని వచ్చింది. పాపం, వాళ్లింట్లో బెంచీ లేదు. వాళ్లమ్మ మంచమెక్కి నిలబడింది.

కథానాయిక మాట్లాడదు. గొప్ప ఆలోచనేమీ కాదు, ఆమె మాట్లాడితే ఆ ఇంగ్లీషు కూడా నేనే తయారు చేయాలి. అందుకని ఆమె తన నాలుకను మిషన్‌కు ఇవ్వకుండా, వక్కలా దవడలో దాచుకుని, మూగదానిలా తిరుగుతుందని పెట్టాను. ఆ మాట చెప్పిన రోజు, అందరికన్నా వెనక గోడకు ఆనుకుని కూర్చునే ఆలూర్ పిల్ల లేచి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఆ సాయంత్రం గేటు దాటీ దాటకముందే పట్టుకుంది.

"ఏమే, నాలిక దవడల వెట్టుకుంటే గా పిల్ల అన్నమెట్ల తింటదే?"

"తినదు. నీళ్లు తాగి ఉంటది."

"ఉట్టిదే! నీళ్లు తాగి ఎన్నొద్దులుంటది? సచ్చిపోతది, నీ కత గూడ గాడ్నే ఒడుస్తది. మజ్జిగన్న తాగియ్యి."

మర్నాడు కథానాయికకు మజ్జిగ పోశాను. ఇక అప్పటి నుంచి బస్టాండు దారిలో ఆమే నాకు పంతులమ్మ. కథలో ఎక్కడ చిల్లి పడినా కనిపెట్టేది.

"గా మిషను కరెంటుతోని నడుస్తదా?"

"అవ్."

"మన దిక్కు పొద్దుగాల కరెంటెక్కడుంటదే? మోటర్లకే ఇస్తలేరు, నాలికెలు కోసెతందుకు ఇస్తరా?"

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని కథను అక్కడికే తిప్పాను. ఆ బడిలో కరెంటు పోతుంది. మిషన్ ఆగిపోతుంది. చీకట్లో పిల్లలందరూ తమ తమ నాలుకలు వెతుక్కుంటారు. బిగ్ సార్ లాంతరు పట్టుకుని ఒక్కొక్కరి నోరూ చూసుకుంటూ వచ్చి కథానాయిక ముందు నిలబడి, "ఓపెన్ మౌత్" అంటాడు.

టు బీ కంటిన్యూ.

అందరూ నన్ను కొట్టడానికి లేచారు. కానీ ఆ వారమే పరీక్షలు మొదలయ్యాయి, సీరియల్ ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ తర్వాత ఏం జరగాలో నాకూ తెలియదు.

నాకు అంతకన్నా పెద్ద ఫికర్ నోటి పరీక్ష. హెడ్ సార్ ప్రతి ఏడూ ఒకటే అడుగుతారు: మీ స్కూలు గురించి చెప్పు. దానికొక వ్యాసం ఉంది, తరతరాలుగా పిల్లలు అప్పజెబుతున్నదే. దాన్ని ఆలూర్ పిల్లకు నేర్పించే పని నెత్తికెత్తుకున్నాను. అప్పటికి వాళ్లింట్లో పసుపు ఉడకబెడుతున్నారు. పొయ్యి దగ్గర సగం రాత్రి కూర్చుని వచ్చేది, గోళ్లు పచ్చగా, కళ్లు ఎర్రగా.

"మై స్కూల్ హాజ్ ఎ బిగ్ గార్డెన్. అను."

"ఏడున్నదే గార్డెను?"

"ఉన్నదనుకో."

"లేనిది ఉన్నదని సారు ముంగటనే ఎట్ల జెప్త? సారుకెరుకనే గదా లేదని."

"అబ్బా! గాయనకు గా ముచ్చటనే గావాలె తల్లీ. నీ కాల్మొక్త, ఒక్కసారి అను!"

అనలేదు. 'గార్డెన్' దగ్గరికి రాగానే మొండి గుర్రంలా ఆగిపోయేది. నాకు ఏడుపొచ్చింది. "పో, టీసీ తీస్కొని పో, పసుపు ఉడకవెట్టుకో పో" అని అరిచి ఒక్కదాన్నే ఇంటికి వచ్చేశాను. ఆ రోజు బువ్వ కూడా సరిగా తినలేదు.

నోటి పరీక్ష హెడ్ సార్ ఆఫీసు గదిలో జరుగుతుంది. షావుకారు సంచులు తూచే పెద్ద కాంటా ఆ గదిలోనే ఒక మూల ఉండేది, ఎక్కి నిలబడు అంటారేమోనని చిన్నపిల్లలు దాన్ని చూసి జడిసేవాళ్లు. వరసలో ఆలూర్ పిల్ల తర్వాత నేను, నా వెనక బట్టల దుకాణం వాళ్లమ్మాయి. తలుపుకు గోనెపట్టా పరదా. దాని సందులోంచి అన్నీ కనపడతాయి, వినపడతాయి.

హెడ్ సార్ పేరడిగారు. చెప్పింది. "టెల్ మీ అబౌట్ యువర్ స్కూల్" అన్నారు.

ఆ పిల్ల మూలనున్న కాంటా వైపు చూస్తోంది.

"ఎస్? మై స్కూల్..." అని ఆయనే అందించారు. ఏమీ లేదు. ఆయన టీ సాసర్లో పోసుకున్నారు. తాగారు. మళ్లీ పోసుకున్నారు. నేను పరదా వెనక నుంచి, "మై స్కూల్ హాజ్, మై స్కూల్ హాజ్" అని పెదాలాడిస్తున్నాను, దానికి నా వైపు చూపే లేదు.

"సీ అమ్మాయ్," అన్నారు చివరికి, కోపంగా కూడా కాదు. "ఐ విల్ కాల్ యువర్ ఫాదర్ టుమారో. టీసీ విల్ బి రెడీ." కలం తీసుకున్నారు.

"వన్ స్కూల్ ఈజ్ దేర్, సార్."

ఓరి దేవుడా, నా నవల!

"ఇయర్ టూ థౌజండ్, సార్. ఆల్ పీపుల్ ఫినిష్. గేట్ ఇన్ వన్ మిషన్ ఈజ్ దేర్."

ఆ పిల్లకు అది అక్షరం పొల్లు పోకుండా వచ్చు. నేను చెప్పి మర్చిపోయిన ముక్కలు కూడా వచ్చు. కటక్ అన్న చోట చెయ్యి కూడా నాలాగే తిప్పింది. రేషన్ కార్డు, నో స్టాక్, మంచమెక్కిన తల్లి, మజ్జిగ, అన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. హెడ్ సార్ సాసర్ కింద పెట్టారు. పారిపోదామని వెనక్కి తిరిగితే బట్టల దుకాణం వాళ్లమ్మాయి నా జడ పట్టుకుని, "రుకో, రుకో, నేను గూడ వింట" అంది.

"హూ ఈజ్ దిస్ బిగ్ సార్?" అన్నారు హెడ్ సార్.

"వెరీ బిగ్ సార్, సార్. నెక్ ఇన్ కర్చీఫ్ ఈజ్ దేర్. టీ డ్రింకింగ్, సార్. బుర్రుమని సౌండ్ ఈజ్ కమింగ్."

హెడ్ సార్ చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోయింది. రుమాలు తగిలింది. తీసి జేబులో పెట్టుకున్నారు.

"గో ఆన్."

కరెంటు పోయింది. లాంతరు వచ్చింది. "ఓపెన్ మౌత్" దాకా వచ్చింది. అక్కడ ఆలూర్ పిల్ల ఆగి, మర్యాదగా, "టు బీ కంటిన్యూ, సార్" అంది.

"వాట్ కంటిన్యూ? దెన్?"

నేను చెప్తేగా దానికి తెలిసేది!

"దెన్ వాట్?" ఆయన కుర్చీ ముందుకు జరిగింది. "దెన్? అబ్బా, తర్వాత ఏమైందో చెప్పవే తల్లీ!"

తాను తెలుగులో అడిగినట్టు ఆయనకే తెలియదు. ఆలూర్ పిల్ల తల ఎత్తింది.

"ఏమైతది సార్? గా పిల్ల జర భయపడ్డది. గని నోరు తెరిసింది. నాలిక ఉన్నది సార్ నోట్లె. గప్పుడు గా సారే పరేషానయిండు."

హెడ్ సార్ వెనక్కి ఆనుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో, "సరే. ఇంగ్లీషులో బోల్డు తప్పులున్నాయి. కానీ మాట్లాడావు. చివర్లో ఉర్దూలోకి వెళ్లిపోయావు, అది పర్లేదు. పాస్. వెళ్లు" అన్నారు.

అమ్మయ్య! పరదా వెనక నేనూ బట్టల దుకాణం వాళ్లమ్మాయీ ఒకరి చెయ్యి ఒకరం పిసికేసుకున్నాం. ఇక అది చేయాల్సిందల్లా "థాంక్యూ సార్" అని బయటికి రావడమే. రాదే! అక్కడే నిలబడి పచ్చటి గోళ్లు చూసుకుంటోంది.

"ఉర్దూ గాదు, సార్."

"ఏంటీ?"

"గిది ఉర్దూ గాదు. తెలుగే సార్. మా ఇంట్ల మాట్లాడే తెలుగు."

"మర్ గయే" అంది నా వెనక పిల్ల. మర్ గయే కాదు, చచ్చి బూడిదయ్యాం. నాకు లోపలికి పోయి దాని నోరు చేత్తో మూయాలనిపించింది. ఇన్నాళ్లూ తెరవమని బతిమాలిన నోరు!

హెడ్ సార్ మొహంలో రంగులు మారాయి. "అంటే, ఇన్నాళ్లూ వరండాలో వీళ్లంతా మాట్లాడుకునేది..."

"తెలుగే, సార్. అందరిది తెలుగే."

"మరి ప్రతిదానికీ జర, జర అంటుంటారే, అదీ?"

"గది గూడ మాకు తెలుగే, సార్."

"అంటే కొంచెం అనా?"

ఆలూర్ పిల్ల ఆలోచించింది. అబద్ధం దొర్లకూడదు కదా దానికి. "కొంచెం అంటె కొంచమే, సార్. జర అంటె గట్ల గాదు. గది మనం అడిగేటప్పుడు అంటం. గట్టిగ అడుగలేనప్పుడు."

ఎంత కోపంలో ఉన్నా పంతులు పంతులే. కొత్త మాట వినపడితే అడిగే ప్రశ్న ఆయన నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. "ఏదీ, సొంత వాక్యంలో ప్రయోగించు."

"జర నాకు టీసీ ఇయ్యకుండ్రి, సార్" అంది. "నేను సదువుకుంట."

పరదా ఇవతల నాకు కళ్లలో నీళ్లు తిరిగి ఏమీ కనిపించలేదు. తర్వాత హెడ్ సార్ గొంతు వినిపించింది, రోజూ వినే గొంతు కాదు, ఇంట్లో పిల్లలతో మాట్లాడే గొంతేమో మరి.

"వెళ్లి కూర్చోమ్మా."

ఆ పిల్ల కదల్లేదు. "ఏ క్లాసుల, సార్?"

"తొమ్మిదిలో."

పరదా ఎత్తుకుని బయటికి వచ్చింది. వరసలో పిల్లలందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. గేటు ఇంకా చాలా దూరంలో ఉంది. అయినా అక్కడే, బడి నడిమధ్యలో, అందరూ వింటుండగా నా దగ్గరికి వచ్చి పెద్ద గొంతుతో అంది:

"నీ కతను నేనే ఖతం జేసిన. ఏమనుకోకే."